వ్యాకోచానికి వేగమా, రేటా?

సందేహం: ‘గురుత్వ కటకాల సాయంతో విశ్వ వ్యాకోచ వేగాన్ని కొలిచారు’ అని ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ ‘వేగం’ సరైన మాటేనా, ‘రేటు’ అనాలా? ‘కటకం’ అనడం సబబేనా?

సమాధానం: కటకం (లెన్సు) సంగతి త్వరగా తేలుతుంది. దూరపు వెలుగును నడుమనున్న గెలాక్సీ గురుత్వం లెన్సులా వంచితే దానిని గురుత్వ కటకం అంటారు. సంస్కృతంలో దానికి కడియమనే అర్థం ఉంది. దూరపు కాంతిమూలమూ, నడుమనున్న గెలాక్సీ, మనమూ ఒకే వరుసలో నిలిచినప్పుడు వంగిన వెలుగు కడియంలాగే కనబడుతుంది కనుక మాట బాగానే అమరింది. వ్యాకోచం సంకోచానికి ఎదురుమాట. దానితో పేచీ లేదు.

పేచీ అంతా ‘వేగం’తోనే. విశ్వ వ్యాకోచానికి ఒకే వేగమంటూ లేదు. గెలాక్సీ మననుంచి తొలగిపోయే వేగం మెగాపార్సెక్ దూరానికి, అంటే సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, సెకనుకు 70 కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. దూరం రెండింతలైతే అదీ రెండింతలవుతుంది. ఇటువంటి లెక్క చెప్పడానికే మనకు ‘చొప్పున’ అనే చక్కని మాట ఉండగా, నేటి రచయితలు దాని మొగం చూడరు. చొప్పు అంటే జాడ, త్రోవ; తరువాత విధం. ‘ఆ చొప్పున నడచెను’ అంటే ఆ విధంగా నడిచాడని. ‘తలకు రెండు చొప్పున’ అన్న వాడుక దీనినుంచే వచ్చి ఉంటుందని నా ఊహ: జాడను విడవకుండా నడవడమే, ఒక కొలత వెంట మరొక కొలత తప్పకుండా నడవడంగా మారింది. పశువులు మేసే చొప్పను దీనితో కలపకూడదు.

త్రోవ అనే అర్థం ఉంది కనుక, కొలిచే పద్ధతికీ ‘చొప్పు’ నప్పుతుంది. నడిమి గెలాక్సీ గురుత్వం వల్ల ఒకే మూలపు వెలుగు రెండు మూడు దారుల్లో మనకు చేరుతుంది. దారుల పొడవులో తేడా ఉంటుంది, గురుత్వం వల్ల పట్టే కాలంలోనూ తేడా ఉంటుంది. అందువల్ల మూలంలో కలిగిన మార్పు ఒక ప్రతిబింబంలో ముందు, మరొక దానిలో తరువాత కనిపిస్తుంది. ఈ ఎడాన్నిబట్టి వ్యాకోచాన్ని లెక్కకట్టవచ్చునని నార్వే ఖగోళ శాస్త్రజ్ఞుడు రెఫ్స్‌డాల్ 1964లోనే సూచించాడు. క్వేజార్ అంటే దూరపు గెలాక్సీ నడిబొడ్డున మిక్కిలిగా వెలిగే మూలం. 1979లో మొదట దొరికిన జంట క్వేజార్ ప్రతిబింబాల నడుమ ఈ ఎడం సుమారు 417 రోజులు. దీనిని ‘సమయ ఆలస్యం’ అని రాస్తున్నారు. ఆలస్యం ఎప్పుడూ సమయానికి సంబంధించినదే కాబట్టి ముందు మాట దండగ. అయితే ఎడం ఒక్కటే తెలిస్తే చాలదు, నడిమి గెలాక్సీలో ద్రవ్యరాశి ఎలా పరచుకొని ఉందో కూడా తెలియాలి. అనుమానాలన్నీ అక్కడే మిగులుతాయి.

ఆరు క్వేజార్లతో ఇలా కట్టిన లెక్క మెగాపార్సెక్‌కు సెకనుకు 73 కిలోమీటర్ల దగ్గర తేలగా, విశ్వపు తొలినాటి వెలుగునుంచి ప్లాంక్ ఉపగ్రహం ద్వారా వచ్చినది 67.4. ఇలా పొంతన కుదరకపోవడాన్ని, విశ్వ వ్యాకోచాన్ని చూపిన శాస్త్రజ్ఞుడు హబుల్ పేరిట, ‘హబుల్ ఉద్రిక్తత’ అంటున్నారు, ఎక్కడో అల్లర్లు జరిగినట్టు! ‘పొంతన లేమి’ అంటే ఏం పోయింది?

ఇక తీర్పు. ఫలానా గెలాక్సీ మననుంచి తొలగిపోవడాన్ని వేగమనవచ్చు; మొత్తం వ్యాకోచానికి ఆ మాట వాడకూడదు. శీర్షికల్లో, నిర్వచనాల్లో ‘వ్యాకోచ రేటు’ను సహిస్తాను, అది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కనుక. వాక్యంలో మాత్రం ‘మెగాపార్సెక్‌కు ఇంత చొప్పున’ అనడమే మేలు. ‘వ్యాకోచపు చొప్పు’ అని నామవాచకంగా వాడవచ్చునా అంటే, నా చెవికి ఇంపుగానే ఉంది గాని, పదిమంది నోట నలిగేదాకా దానిని ఒప్పని గట్టిగా అనలేను.