కిటికీ మూసిన గదిలో దగ్గు

ప్రశ్న: మాది పలాస. వంట గ్యాస్ మీదే. అయినా మా అత్తగారికి రాత్రి పడుకోగానే దగ్గు, పిల్లికూతలు. పగలు బాగానే ఉంటారు. దోమలని సాయంత్రమే కిటికీలు మూసి కాయిల్ వెలిగిస్తాం. నీళ్ల పొయ్యిలో మాత్రం జీడిపిక్కల తొక్కలు వేస్తాం. ఇంట్లోనే ఏమైనా లోపముందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కాయిల్ ఆపండమ్మా. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. మూసిన గదిలో అదంతా పీల్చేది మీ అత్తగారే! మా అమ్మ కూడా మంచం కిందే పెట్టేది, పొగ బాగా తగులుతుందని. దోమతెర కట్టండి, కిటికీలకు జాలీ కొట్టించండి. చీకటి పడేలోపు కాసేపు కిటికీలు తెరవండి.

జీడితొక్కల మాట మీరు తేలిగ్గా రాశారు గానీ, నాకు అదీ చిన్న సంగతిగా అనిపించలేదు. ఆ తొక్కలోని నూనె చేతికంటితే చర్మం పొక్కుతుంది. దాని పొగ కళ్లను, గొంతును వదులుతుందా? ఊళ్లో ఊరికే దొరుకుతాయని కాల్చకండి. పొయ్యి పడకగది కిటికీ పక్కనే ఉంటే మరీ కష్టం.

మంచం వెనక గోడకు చెమ్మ, నల్లబూజు ఉన్నాయేమో చూడండి. రంగు వేసి కప్పేయకుండా, ముందు నీరు ఎక్కడ దిగుతోందో పట్టుకోవాలి.

పిల్లికూతలంటున్నారు కాబట్టి డాక్టరుకు చూపించడం వాయిదా వేయొద్దు. రాత్రి ఆయాసం ఆస్తమా వల్లా రావచ్చు, గుండె వల్లా రావచ్చు.