బొటనవేలి మొదట్లో నొప్పి.. సమురాయ్ గేమ్ మానేయాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. రెండు నెలల కిందట ‘అసాసిన్స్ క్రీడ్ షాడోస్’ గేమ్ మొదలుపెట్టా. రాత్రి పదింటికి కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట దాటుతోంది. మూడు వారాలుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే సలుపు. బిందె ఎత్తినా, బండి యాక్సిలరేటర్ తిప్పినా ప్రాణం పోతోంది. బెణికిందనుకుని ఒకాయన దగ్గర నూనె రాయించి లాగించుకుంటే ఇంకా ఎక్కువైంది. పుత్తూరు కట్టు కట్టించుకోమని కొందరంటున్నారు. అమ్మేమో ఆ గేమ్ అమ్మి పారేయమంటోంది. గేదెల పాలు పితికేటప్పుడు తనకూ ఇలాగే నొప్పి వస్తుందట, ఉప్పు కాపడం పెడితే తగ్గుతుందంటోంది. ఆట మానేయాల్సిందేనా డాక్టర్ గారూ?
- ఓ పాఠకుడు

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ‘డి క్వెర్వెయిన్’ సమస్య అనిపిస్తోంది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరే దీనికి పెట్టారు. బొటనవేలిని పక్కకు, పైకి లాగే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టంలోంచి వెళ్తాయి. వేలిని పదేపదే ఒకే తీరులో కదిలిస్తుంటే ఆ గొట్టం గోడ మందమవుతుంది. లోపల స్నాయువు సాఫీగా జారక ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడే మీ సలుపు.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో మూసి పిడికిలి పట్టండి. ఇప్పుడు మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమని నొప్పి పుడితే నా అనుమానం బలపడినట్టే. బలవంతంగా వంచొద్దు.

ఈ ఆట సంగతి నాకు కొంత తెలుసు. 2025 మార్చిలో వచ్చినప్పటి నుంచి మా అబ్బాయి ఆడుతున్నాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, టీవీ వైపు కాకుండా వాడి చేతుల వైపు చూశాను. శత్రువు కత్తి ఎత్తగానే తప్పించుకోవడానికి కుడి బొటనవేలు చేతిలోని కంట్రోలర్ బటన్ నొక్కుతుంది, మరుక్షణం తెర మీది దృశ్యాన్ని తిప్పడానికి స్టిక్ మీదికి వాలుతుంది, మళ్లీ బటన్ మీదికి. పోరు ముదిరేకొద్దీ వాడి గోరు తెల్లబడేంతగా నొక్కుతున్నాడు. ఆ బటన్ తగిలిందా లేదా అన్నదే లెక్క. ఎంత గట్టిగా నొక్కినా ఆటలోని సమురాయ్ యాసుకే కత్తి దెబ్బ పెరగదు, మీ స్నాయువు మాత్రం నలుగుతుంది. పగలంతా మౌస్ పట్టిన చెయ్యే రాత్రి మూడు గంటలు ఈ పని చేస్తోంది.

గేమ్ అమ్మక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు వారాలు మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టండి. ఇందులో రాజీ పడొద్దు. బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే పట్టీ, మందుల షాపులో ‘థంబ్ స్పైకా స్ప్లింట్’ అని అడగండి. మణికట్టుకు మాత్రమే చుట్టే బెల్టు వేలిని వదిలేస్తుంది కాబట్టి ప్రయోజనం ఉండదు. నొప్పి ఉన్నచోట రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. డైక్లోఫెనాక్ జెల్ పైపైన రాయొచ్చు, మర్దనా చేయొద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

పుత్తూరు కట్టు గురించి అడిగారు. మన నెల్లూరు వైపు దాని మీద ఎంత నమ్మకమో నాకు తెలుసు. కానీ ఇక్కడ ఎముక విరగలేదు, కీలు తప్పలేదు. వాచిన గొట్టం మీద బిగించి కడితే నొప్పి పెరుగుతుంది. చెయ్యి లాగించుకోవడం అసలే వద్దు. ఒకసారి అనుభవం అయింది కదా.

ఆరు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టర్ ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి ఒకటి రెండింటితోనే నయమవుతుంది. దానికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్‌తో ఆ గొట్టాన్ని తెరుస్తారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతుంటే అది వేరే సమస్య, నరానికి సంబంధించింది. ఈమధ్య బండి మీంచి పడి చెయ్యి ఆనించి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. ఈ రెండింటిలో ఏది ఉన్నా ఆరు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి.

నొప్పి పూర్తిగా పోయాక మళ్లీ ఆడుకోండి, మొదట్లో రోజుకు అరగంటే. తప్పించుకునే బటన్‌ను సెట్టింగుల్లో మార్చి చూపుడు వేలి కిందికి తెచ్చుకోండి. పోరు కష్టం ఒక మెట్టు తగ్గించుకోండి. గుర్రం దానంతట అదే బాట వెంట వెళ్లే ఏర్పాటు ఉంది, అప్పుడు వేళ్లకు విశ్రాంతి ఇవ్వండి. కంట్రోలర్‌ను ఒళ్లో ఆనించి పట్టుకుంటే మణికట్టు వంగదు.

అమ్మగారి సంగతి రెండు ముక్కల్లో రాశారు గానీ నా మనసు అక్కడే ఆగింది. బొటనవేలిని మడిచి పాలు పితికేవాళ్లలో ఇదే జబ్బు చూస్తుంటాం. మీరు రెండు నెలలుగా ఆడుతున్నారు, ఆమె ఎన్నేళ్ల నుంచి పితుకుతున్నారో అడగండి. పిడికిలి పరీక్ష ఆమె చేతికి కూడా మెల్లగా చేసి చూడండి. నొప్పి ఉంటే ఆమెకూ ఒక పట్టీ కొనండి, నాలుగు వారాలు పాలు పితికే పని ఇంకెవరికైనా అప్పగించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెనూ వెంటబెట్టుకుని వెళ్లండి.

- ఎముకలు, కీళ్ల వైద్య నిపుణుడు, ఒంగోలు