మీ ప్రశ్న – మా జవాబు: బొమ్మలు వేసుకోవడానికి ఒక చోటు

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల వాటిని కలిపి ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏడేళ్ళు. బుద్ధిమాంద్యం ఉంది, మాటలు తక్కువ. పద్దెనిమిదేళ్ళు నిండాక ప్రత్యేక పాఠశాలవారు ఇక ఉంచుకోలేమన్నారు. అప్పటినుంచి ఇంట్లోనే ఉంటూ, పాత క్యాలెండర్ కాగితాల వెనక బస్సు బోర్డులు రాస్తుంటాడు. ‘హనుమకొండ, పరకాల, భూపాలపల్లి’ అని రాసినదాని మీదే మళ్ళీ రాసి, కాగితం నల్లబడేదాకా వదలడు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఓక్‌లాండ్‌లో ఇలాంటి పెద్దవాళ్ళు రోజూ వెళ్ళి బొమ్మలు వేసుకునే స్టూడియో ఉందని ఫ్రీమాంట్‌లో ఉన్న మా అమ్మాయి చెప్పింది. అది బడా, వైద్యమా, కాలక్షేపమా? మన దగ్గర అలాంటిది పెట్టుకోవాలంటే ఏం కావాలి? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పినది క్రియేటివ్ గ్రోత్ ఆర్ట్ సెంటర్ గురించి అయి ఉంటుంది. అది పనిచేసుకునే చోటు. నేతగాడికి మగ్గం గుంట ఎలాంటిదో, అక్కడికి వచ్చేవారికి వారి బల్ల అలాంటిది.

చిత్రకారిణి ఫ్లోరెన్స్ లుడిన్స్ కట్జ్, ఆమె భర్త, మనస్తత్వవేత్త అయిన ఎలియాస్ కట్జ్ 1974లో తమ ఇంటి గ్యారేజీలో దానిని మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద సంస్థల నాలుగు గోడల మధ్య ఉంచిన వికలాంగులను కాలిఫోర్నియాలో బయటికి పంపుతున్న కాలం అది. బయటికి వచ్చినవారు పగలంతా ఎక్కడుండాలో, ఏం చేయాలో చెప్పేవారు లేరు. ఆ లోటు చూసే కట్జ్ దంపతులు పూనుకున్నారు. ఆ తరువాత రిచ్‌మండ్‌లో 1982లో, శాన్ ఫ్రాన్సిస్కోలో 1983లో ఇంకో రెండు స్టూడియోలకు కూడా వారే ప్రాణం పోశారు. ఓక్‌లాండ్ స్టూడియో ఇప్పుడు ఒకప్పటి కార్ల మరమ్మతు షెడ్డులో నడుస్తోంది. రంగులు, మట్టి, కొయ్య, నూలు అన్నీ అక్కడ అందుబాటులో ఉంటాయి. సహాయకులుగా ఉండేవారు స్వయంగా కళాకారులు. పక్కనే గ్యాలరీ ఉంది. ఖర్చులో కొంత, వికలాంగులకు సేవలను హక్కుగా గుర్తించిన 1969 నాటి లాంటర్‌మన్ చట్టం కింద ఆ రాష్ట్రం భరిస్తుంది.

అక్కడ పనిచేసిన జూడిత్ స్కాట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1943లో కవల పిల్లల్లో ఒకరిగా పుట్టిన ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉంది. దానితోపాటు వినికిడి కూడా లేదు, అయితే ఆ సంగతిని చాలాకాలం ఎవరూ గుర్తించలేదు. మాటలతో అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేదు కనుక చదువుకు పనికిరాదని తేల్చి, ఏడేళ్ళ వయసులో ఒక సంస్థకు పంపించారు. అక్కడ ఆమె ముప్ఫై ఐదేళ్ళు గడిపింది. కవల సోదరి జాయిస్ పట్టుబట్టి, సంరక్షకురాలిగా అనుమతి తెచ్చుకుని, తనతో కాలిఫోర్నియాకు తీసుకువచ్చి, 1987లో ఈ స్టూడియోలో చేర్చింది. చేరాక దాదాపు రెండేళ్ళపాటు జూడిత్‌కు ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఎవరూ ఆమెను ఇక రావద్దనలేదు. ఒకరోజు నూలు, దారాలతో పనిచేసే ఒక కళాకారిణి స్టూడియోకు వచ్చినప్పుడు, జూడిత్ కొన్ని పుల్లలు తీసుకుని దారంతో చుట్టడం మొదలుపెట్టింది. ఆ తరువాత చేతికి దొరికిన వస్తువునల్లా, లోపల ఏముందో కనబడనంతగా, రోజుల తరబడి పొరలు పొరలుగా చుట్టి ముడులు వేసేది. ఒకసారి దారం అందక, చేతులు తుడుచుకునే కాగితాలను మెలిపెట్టి ముడివేసి, తెల్లని శిల్పం ఒకటి పూర్తి చేసింది. 2005లో కన్నుమూసేదాకా ఆ పని ఆపలేదు. 2014లో బ్రూక్లిన్ మ్యూజియం ఆమె శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలోనూ 2017లో అవి ఉన్నాయి.

మీ అబ్బాయి సంగతి చదువుతుంటే నాకు డాన్ మిల్లర్ గుర్తుకు వచ్చారు. ఆటిజం ఉన్న ఆయన కూడా అదే స్టూడియోలో అక్షరాల మీద అక్షరాలు, మాటల మీద మాటలు, చదవడానికి వీలుకానంత దట్టంగా రాస్తారు. ఆయన చిత్రాలు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ఇది చెప్పడం మీలో ఆశలు రేపడానికి కాదమ్మా. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది పేరు ఏ మ్యూజియంలోనూ ఉండదు, వారు రోజూ వస్తారు, పనిచేసుకుంటారు, ఇంటికి వెళ్తారు. జూడిత్ కథలో నాకు అన్నిటికన్నా విలువైనవి ఏమీ జరగని ఆ రెండేళ్ళే. ఫలితం కోసం తొందరపడే ఏ సంస్థలోనైనా ఆమె మూడో నెలకే ఇంటికి చేరి ఉండేది.

ఇక మన సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 29వ సెక్షన్, వైకల్యం ఉన్న కళాకారులకు, రచయితలకు సౌకర్యాలు, ప్రోత్సాహం కల్పించాలని ప్రభుత్వాలకు స్పష్టంగా చెబుతోంది. జిల్లా సంక్షేమ అధికారులకు ఇచ్చే అర్జీలో ఆ సెక్షన్‌ను తప్పక పేర్కొనండి. శిక్షణ, సలహాల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. అయితే అర్జీకి జవాబు వచ్చేదాకా ఆగనవసరం లేదు. నాలుగైదు కుటుంబాలు కలిస్తే, నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ పట్టేంత తలుపు ఉన్న ఒక గది, వారానికి మూడు రోజులు కూర్చోగల ఒక చిత్రకారుడు చాలు. ఆ రోజులూ వేళలూ మార్చకండి. మీరు గది బయట ఉండండి. ఇరవై ఏడేళ్ళ మనిషి తల్లి చూపు కింద పనిచేయలేడు. నల్లబడిన ఆ క్యాలెండర్ కాగితాలను పారేయకుండా, ప్రతిదాని అంచున తేదీ వేసి దాచండి.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన డ్రాయింగ్ మాస్టారిని. మా ఊళ్ళో వికలాంగుల డే కేర్ కేంద్రానికి వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. అక్కడ అచ్చువేసిన బొమ్మల్లో రంగులు నింపిస్తారు, దీపావళికి ప్రమిదలకు రంగులు వేయిస్తారు. నేను బొమ్మ గీయడం నేర్పుదామనుకుంటే వేళ్ళు నిలవడం లేదు. వారి చేయి పట్టుకుని దిద్దించవచ్చా? – గుంటూరు

జవాబు: మాస్టారూ, దయచేసి చేయి పట్టుకోకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి ఒక కేంద్రంలో నడివయసు స్త్రీ చేతిని సహాయకురాలు పట్టుకుని గులాబీకి ఎర్రరంగు నింపిస్తుండగా చూశాను. కుంచె కాగితం మీద చక్కగా కదులుతోంది. ఆ స్త్రీ మాత్రం కిటికీలోంచి ఆరేసిన బట్టల వైపు చూస్తోంది. బొమ్మకు అందరూ చప్పట్లు కొట్టారు, కానీ అది ఆమె వేసిన బొమ్మ కాదు.

వేళ్ళు నిలవకపోవడానికి చాలావరకు సామగ్రే కారణం. కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. కాగితాన్ని నాలుగు మూలలా బల్లకు టేపుతో అంటించండి. సన్నని స్కెచ్ పెన్నుల బదులు బొగ్గుముక్క, మైనపు రంగులు, బంకమట్టి, నూలు ఉండలు బల్లమీద పరిచి, ఎవరు దేనివైపు చేయి చాపుతారో కొన్ని వారాలపాటు గమనించండి. ‘ఏం గీస్తున్నావు?’ అని అడిగేకన్నా ‘ఇంకో కాగితం కావాలా?’ అని అడగడం మేలు. ఏనుగు ఏనుగులా లేదని దిద్దనూవద్దు, ప్రతి గీతకూ ‘అద్భుతం’ అననూవద్దు. పొగడ్త కోసం గీయడం అలవాటైన చేతికి, సొంతంగా ఆగి ఆలోచించడం పోతుంది. మరో మాట. ఆ కేంద్రంలో వారిని ‘పిల్లలు’ అని పిలుస్తుంటే, మీరు మాత్రం పేరుకు ‘గారు’ చేర్చి పిలవండి. ఏదో ఒకనాటికి మిగతావారికీ అలవాటవుతుంది.

ప్రమిదల పని తప్పు కాదు. దానికి కూలి ఇస్తున్నారా అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న: మా అమ్మాయికి ముప్ఫై ఒక్క ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆమె వేసిన చేపల బొమ్మను తమ డైరీ అట్ట మీద ముద్రించుకుంటామనీ, ప్రోత్సాహకంగా జ్ఞాపిక ఇస్తామనీ ఒక సంస్థవారు అంటున్నారు. ఆమె సంతకం చెల్లుతుందా? డబ్బు అడిగితే బాగుంటుందా? – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా అడగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ బొమ్మ హక్కులు వేసిన మనిషివే, వైకల్యం ఆ హక్కును తగ్గించదు. అసలు బొమ్మను అమ్మినంత మాత్రాన దానిని అచ్చువేసుకునే హక్కు కొన్నవారికి వెళ్ళదు. అందువల్ల ఏ సంవత్సరం డైరీకి, ఎన్ని ప్రతులకు, ఎంత సొమ్ముకు అనుమతి ఇస్తున్నారో కాగితం మీద రాయించండి. వ్యవధి రాయకపోతే చట్టం దానిని 5 ఏళ్ళుగా తీసుకుంటుంది. చిత్రకారిణిగా ఆమె పేరు అచ్చులో ఉండాలని కూడా రాయించండి. గ్యాలరీ ద్వారా అమ్మేటప్పుడు సగం కళాకారుడికి, సగం స్టూడియోకు అన్నది ఓక్‌లాండ్‌లో పాటిస్తున్న లెక్క. మీకు స్టూడియో ఏదీ లేదు కాబట్టి వచ్చినదంతా ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోకే వెళ్ళాలి.

సంతకం సంగతి. ఆస్తి విషయంలోనూ డబ్బు వ్యవహారాల్లోనూ వికలాంగులకు అందరితో సమానమైన హక్కు ఉందని 2016 చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందం ఆమెకు బొమ్మలతో, ఉదాహరణలతో విడమరిచి చెప్పి, సరేనంటేనే ఆమె చేత సంతకం చేయించి, పక్కన సాక్షిగా మీరు సంతకం చేయండి. బ్యాంకుగానీ సంస్థగానీ సంరక్షకుడి పత్రం కావాలంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. సంరక్షకుడిగా నియమితులైనవారు ఆరు నెలల్లో ఆమె ఆస్తుల జాబితా ఇచ్చి, ఏటా లెక్కలు చూపించాలి కనుక, చిన్న మొత్తానికైనా ఇప్పటినుంచే ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి.

అచ్చుకు వెళ్ళేముందు రంగుల ప్రూఫ్‌ను మీకు కాదు, మీ అమ్మాయికి చూపించమనండి. చేపల రంగు మారితే ముందుగా కనిపెట్టేది ఆమే.