సీలియాక్ ఉన్న పిల్లల కేకుకు ఏ పిండి వాడాలి?

మీ అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉందని ఈమధ్యే తేలిందనీ, పుట్టినరోజుకు ఇంట్లోనే కేకు చేయాలంటే ఏ పిండ్లు వాడవచ్చో తెలియడం లేదనీ రాశారు. మా అబ్బాయికి ఈ వ్యాధి బయటపడి ఆరేళ్లయింది కాబట్టి, అనుభవం మీద తెలిసినది చెబుతాను.

సీలియాక్ ఉన్నవాళ్ల పేగులకు గ్లూటెన్ అనే ప్రోటీన్ హాని చేస్తుంది. అది ఉండేవి గోధుమ, బార్లీ, గోధుమలాంటిదే అయిన రై అనే ధాన్యం. మైదా, సేమియా గోధుమవేనని అందరికీ తెలిసినా, బొంబాయి రవ్వ కూడా గోధుమేనన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తట్టదు. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, శనగ, సగ్గుబియ్యాలలో సహజంగా గ్లూటెన్ లేదు. అయితే గింజలో లేదు కాబట్టి పిండిలోనూ ఉండదనుకోవడం పొరపాటు. మేము చేసింది అదే.

మొదటి ఏడాది జొన్నలను మా వీధి పిండిమరలోనే పట్టించేదాన్ని. ఎంత పథ్యం చేసినా పిల్లవాడికి కడుపునొప్పి తగ్గలేదు. ఒకరోజు మర దగ్గర నిలబడి చూస్తే, నా ముందు ఒకావిడ గోధుమలు పట్టించుకుని వెళ్లగానే, ఆ మరలోనే నా జొన్నలు పోశారు. డబ్బాలో మొదట పడిన రెండు దోసిళ్ల పిండి జొన్నపిండిలా తెల్లగా కాక, గోధుమపిండి రంగులో ఉంది. ఆనాటి నుంచి గింజలే కొని, ఒక్క గోధుమ గింజ కూడా లేకుండా ఏరి, మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీ పడుతున్నాను. జల్లెడ కూడా వేరేది కొనండి, ఎందుకంటే పాత జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న మైదా ఎంత కడిగినా పూర్తిగా పోదు.

ప్యాకెట్ పిండి కొంటే దానిపై గ్లూటెన్ రహితం అని స్పష్టంగా ఉండాలి. మన దేశపు నిబంధన ప్రకారం అలాంటి ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. మల్టీగ్రెయిన్ ఆటాలో సాధారణంగా ఎక్కువ భాగం గోధుమే. బేకింగ్ పౌడర్, కస్టర్డ్ పౌడర్ డబ్బాల మీది పదార్థాల పట్టికను కూడా చదవండి. ఓట్స్ మాత్రం డాక్టరును అడగకుండా వాడకండి.

కేకుకు నేను ఒక కప్పు బియ్యప్పిండి, అరకప్పు జొన్నపిండి, పావుకప్పు కార్న్‌ఫ్లోర్ కలిపి, పిండిని పట్టి ఉంచే జిగురు కోసం ఒక చెంచా ఇసబ్గోల్ వేస్తాను. వేళ్ల మధ్య రుద్దితే బియ్యప్పిండి గరగరలాడకూడదు, లేకపోతే కేకు ఇసుకలా రాలిపోతుంది. కలిపిన పిండిని అరగంట నాననిచ్చి, ఆ తర్వాతే బేకింగ్ పౌడర్ వేయాలి. చాక్లెట్ కేకుకైతే జొన్న బదులు రాగిపిండి చాలా బాగుంటుంది. శనగపిండి వాసన పైకి తేలుతుంది కాబట్టి నేను దాన్ని బిస్కెట్లకే వాడతాను.

పుట్టినరోజు నాడు వచ్చినవాళ్ల కోసం బయటి నుంచి మరో కేకు తెప్పించకండి. ఆ సందడిలో ఎవరో ఒకరు అదే చాకుతో రెండూ కోసేస్తారు. మా ఇంట్లో అందరికీ ఒకటే కేకు.