ప్రతి గుండ్రటి గుర్తూ ఉల్క చేసింది కాదు

రాజోలు

అమ్మాయీ,

నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు మూడో పేరాలో ఆగిపోయాను. శుక్రుడి మీది వలయాలన్నీ ఉల్కలు పడిన గుంటలేనని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది.

ఉల్కల గుంటలు అక్కడ 900కు పైనే ఉన్నాయి, నిజమే. కానీ కిరీటం అనే అర్థంలో కరోనాలని పిలిచే పెద్ద వలయాల సంగతి వేరు. 1983లో వెనెరా 15, 16 అనే సోవియట్ నౌకల రాడార్ వాటిని బయటపెట్టింది. లోపలి వేడి రాయి పైకి పొంగి నేలను ఎత్తుతుంది, తర్వాత అది కుంగితే అంచు చుట్టూ పగుళ్లూ గట్లూ మిగులుతాయి. ఆర్టెమిస్ అనే వలయం అడ్డంగా 2,000 కిలోమీటర్లు దాటుతుంది. మీ అమ్మమ్మ పొయ్యి మీద గంజి ఉడికేటప్పుడు బుడగ లేచి కూలడం గురించి మొదటి పేజీలో ఎంత బాగా రాశావు! దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయావేం?

జవాబొక్కటే రాస్తే చాలదమ్మా. మనుషులు ఎలా పొరబడ్డారో కూడా రాయాలి. అమెరికాలోని అరిజోనా గుంట చుట్టూ ఇనుప ఉల్క ముక్కలు దొరుకుతున్నా, అది ఆవిరి పేలుడు పనేనన్నాడు భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్. చంద్రుడి గుంటలు మాత్రం తాకిడి వల్లే వచ్చాయని 1893లో రాసిందీ ఆయనే! 1960లో ఛావో, షూమేకర్, మాడ్సెన్ అనే శాస్త్రవేత్తలు అరిజోనా గుంట రాతిలో కోయెసైట్ అనే ఖనిజాన్ని పట్టుకున్నారు. విపరీతమైన ఒత్తిడి లేనిదే ఆ ఖనిజం పుట్టదు; అంత ఒత్తిడి ఆవిరి పేలుడుకు రాదు, ఉల్క తాకిడికే వస్తుంది.

ఈ గుంటల మీద నేను రాసిన వ్యాసంలో గిల్బర్ట్ ఉన్న రెండు పేజీలనూ ఒక వారపత్రిక ఎడిటర్ కొట్టేశాడు. "పాఠకుడికి తప్పులెందుకండీ?" అన్నాడు. ముప్పై ఏళ్లయినా ఆ మాట మరిచిపోలేదు.

ఆ వ్యాసం రాయడానికి నాకు ఏడాది పట్టింది. దమ్ము చేసిన మడిలోకి ఏటవాలుగా రాయి విసిరితే గుర్తు సాగుతుంది కదా, మరి ఆకాశం నుంచి వాలుగా వచ్చినవి గుండ్రటి గుంటలెలా చేస్తాయి? ఎంతకీ తెగలేదు. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో తాకిన రాయి తాకిన చోటే పేలిపోతుందని, గుంటను తవ్వేది ఆ పేలుడని తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరీ పడుకున్న కోణంలో వస్తేనే గుంట సాగుతుందట.

మూడో పేరా తిరగరాయి. అమ్మమ్మ గంజిగిన్నెను అక్కడికి తెచ్చుకో. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఆ కాగితాలు పట్టుకురా.

ఆశీస్సులతో.