వీసా గడువు తీరింది, కార్యాలయం పలకడం లేదు: నేను అక్రమంగా ఉన్నట్టా?

ప్రశ్న: ఉద్యోగ వీసాపై జర్మనీకి వచ్చి ఏడాది కావస్తోంది. వీసా గడువుకు రెండు నెలల ముందే నివాస అనుమతి కోసం విదేశీయుల కార్యాలయానికి ఆన్‌లైన్‌లో పంపాను. ‘అందింది’ అని ఒక మెయిల్ వచ్చింది, అంతే. నాలుగున్నర నెలలైంది. ఫోను ఎత్తరు. నేరుగా వెళితే అపాయింట్‌మెంట్ లేదని గుమ్మంలోనే ఆపేశారు. కొత్త పత్రం చూపకపోతే ఉద్యోగంలో ఉంచలేమని కంపెనీ అంటోంది. స్వదేశంలో అమ్మకు ఆపరేషన్ ఉంది, వెళ్లే ధైర్యం చాలడం లేదు. కోర్టుకు వెళితే అధికారులు కక్ష కడతారని స్నేహితులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా మీ పెద్ద భయం సంగతి చూద్దాం. మీరు గడువులోపే దరఖాస్తు చేసి ఉంటే మీరు అక్రమంగా లేరు. నివాస చట్టం 81వ సెక్షన్, 4వ ఉపసెక్షన్ ప్రకారం, చేతిలో ఉన్న అనుమతి గడువు తీరకముందే కొత్తదానికి దరఖాస్తు చేస్తే, నిర్ణయం వెలువడేదాకా పాత అనుమతి కొనసాగుతున్నట్టే లెక్క. ఉద్యోగం చేసే హక్కు కూడా, పాత షరతులతో సహా, కొనసాగుతుంది. దీర్ఘకాలం ఉండటానికి ఇచ్చే ‘డి’ రకం వీసాకు ఈ రక్షణ ఉంది. ఉద్యోగానికి వచ్చారు కాబట్టి మీది అదే అయి ఉంటుంది, అయినా పాస్‌పోర్టు తెరిచి చూసుకోండి. షెంగెన్ పర్యటన వీసాకు ఇది వర్తించదు.

మీరు ‘పంపాను’ అన్నారు. ఏం పంపారు? అపాయింట్‌మెంట్ కోరడం వేరు, దరఖాస్తు వేరు. చాలామంది సమయం బుక్ చేసుకుని దరఖాస్తు పెట్టేశామనుకుంటారు, తరువాత వివాదమంతా అక్కడే మొదలవుతుంది. ఫలానా అనుమతి కావాలని మీరు పంపినదానిలో స్పష్టంగా ఉందా? ఉంటే ఆ ఫారం ప్రతిని, వచ్చిన మెయిల్‌ను తేదీ కనిపించేలా ముద్రించి దాచండి. లేకపోతే ఇవాళే రాతపూర్వకంగా దరఖాస్తు పంపి, ఆలస్యానికి కారణం చెప్పండి. తీవ్రమైన కష్టం కలగకుండా, ఆలస్యమైన దరఖాస్తుకు కూడా పాత అనుమతిని కొనసాగించే అధికారం విదేశీయుల కార్యాలయానికి అదే ఉపసెక్షన్ ఇచ్చింది. అలాంటప్పుడు మాత్రం వెంటనే న్యాయవాదిని కలవండి.

మీ కంపెనీ మీద కోపం తెచ్చుకోకండి. విదేశీ ఉద్యోగి అనుమతి పత్రాన్ని పరిశీలించి, దాని నకలు దగ్గర పెట్టుకోవాల్సిన బాధ్యతను చట్టమే యజమానిపై పెట్టింది. వాళ్లు అడుగుతున్న కాగితం పేరు ఫిక్‌ట్సియోన్స్‌బెషైనిగుంగ్. పాత అనుమతి కొనసాగుతోందని ధ్రువీకరించే పత్రం అది. హక్కు చట్టం నుంచే వస్తుంది, ఈ కాగితం దానికి సాక్ష్యం మాత్రమే. కానీ ఆ సాక్ష్యం ఇవ్వాల్సిందేనని 81వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ చెబుతోంది. అది అడగడమంటే దయ కోరడం కాదు.

కాబట్టి ఫోన్లు ఆపి ఉత్తరం రాయండి. దరఖాస్తు తేదీ, వీసా గడువు తేదీ, కంపెనీ హెచ్చరిక చెప్పి, రెండు వారాల్లో ఈ పత్రం ఇవ్వాలని కోరండి. పంపినట్టు రుజువు ఉండే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా సాక్షి ముందు కార్యాలయం పెట్టెలో వేయండి. వాళ్లు అదనపు పత్రాలేవైనా అడిగి ఉన్నారేమో కూడా చూసుకోండి. మీ పోస్టుబాక్సు మీద మీ ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? పేరు లేని పెట్టెలో పోస్టుమ్యాన్ ఉత్తరం వేయడు, అది వెనక్కి పోతుంది. వాళ్లు అడిగారని, మీరు ఇవ్వలేదని రికార్డుల్లో ఉంటే మీ వాదన బలహీనపడుతుంది.

జవాబు రాకపోతే కోర్టు. దరఖాస్తు చేసి మూడు నెలలు దాటినా తగిన కారణం లేకుండా నిర్ణయించకపోతే, పాలనా న్యాయస్థానాల చట్టం 75వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. దీన్నే ఉన్‌టేటిష్‌కైట్స్‌క్లాగె అంటారు. మీకు ఆ మూడు నెలలు ఎప్పుడో దాటాయి. ఏళ్లుగా సాగే సిబ్బంది కొరతను తగిన కారణంగా కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. మొదటి మెట్టు కోర్టులో న్యాయవాది తప్పనిసరి కాదు. మీరే వెళ్లి అక్కడి ఉద్యోగికి చెబితే రాసుకుంటారు, కాకపోతే అంతా జర్మన్ భాషలోనే జరగాలి. కోర్టు రుసుము ముందు మీరే కట్టాలి. అయితే దావా వేశాక కార్యాలయం నిర్ణయం ఇచ్చేస్తే, అంతకుముందే నిర్ణయం వస్తుందని మీరు ఆశించడం న్యాయమే అయితే, ఖర్చులు కార్యాలయంపైనే పడతాయి. అదే చట్టం 161వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ఆదాయం తక్కువైతే స్థానిక కోర్టులో సహాయ పత్రం తీసుకుని 15 యూరోలకే న్యాయవాది సలహా పొందవచ్చు. కారితాస్, డియాకోనీ, రెడ్‌క్రాస్ వంటి సంస్థల వలస సలహా కేంద్రాల్లో డబ్బే తీసుకోరు.

కక్ష కడతారన్న మాటను నేను ఒప్పుకోను. ప్రభుత్వ చర్యవల్ల హక్కు దెబ్బతిన్న ఎవరికైనా కోర్టు తలుపు తెరిచే ఉంటుందని 1949 నాటి జర్మన్ రాజ్యాంగం 19వ అధికరణం చెబుతోంది. అక్కడ ‘జర్మన్ పౌరుడు’ అనలేదు, ‘ఎవరైనా’ అంది. దావా కాగితం అందాక ఆ ఫైలు చూడక తప్పదు, ఇంతకాలం జరగనిది అదే. ఇన్ని నెలలు మీరు ఓపిక పట్టారు, ఇక అడగడం మీ హక్కు.

అమ్మ దగ్గరికి వెళ్లడం గురించి. ఫిక్‌ట్సియోన్స్‌బెషైనిగుంగ్ చేతిలో లేకుండా జర్మనీ దాటకండి. తిరుగు ప్రయాణంలో మీ హక్కు ఎంత నిజమైనా, గడువు తీరిన వీసా చూసి విమానం ఎక్కనివ్వరు. ఆ పత్రం వచ్చాక అందులో 81వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ఉన్న గడిలో గుర్తు పెట్టారో లేదో చూడండి. 3వ ఉపసెక్షన్ గడిలో ఉంటే దానితో తిరిగి ప్రవేశించలేరు, అది ఇచ్చినచోటే సరిచేయించండి. ఆపరేషన్ దగ్గరపడితే దావాతో ఆగకండి. పాలనా న్యాయస్థానాల చట్టం 123వ సెక్షన్ కింద కోర్టు నుంచి అత్యవసర ఉత్తర్వు కోరవచ్చు. అందుకు తొందర ఎందుకో కాగితాల్లో చూపాలి: కంపెనీ లేఖ, ఆపరేషన్ తేదీతో డాక్టరు లేఖ, దాని జర్మన్ అనువాదం. డాక్టరు లేఖను ఈ వారమే తెప్పించుకోండి.