చపాతీ మానేసే ముందే పరీక్ష చేయించుకోవాలి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కావలి. నాకు 36 ఏళ్లు. నాలుగేళ్లుగా కడుపుతో అవస్థ పడుతున్నాను. తిన్న కాసేపటికే ఉబ్బరం, రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు. నెల్లూరులో చూపిస్తే ఐబీఎస్ (పేగు చికాకు జబ్బు) అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. రక్తం 8.6 గ్రాములే ఉంది, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెరగడం లేదు. గోధుమ పడకపోయినా ఇలాగే ఉంటుందని మా ఆడబిడ్డ అంటే, రెండు వారాల క్రితం రాత్రి చపాతీలు మానేశాను. కొంచెం నయమే. ఇక జన్మలో గోధుమ ముట్టుకోకూడదా?

జవాబు: అమ్మా, ముందు ఆ చపాతీలు మళ్లీ మొదలుపెట్టండి. ఇదేం డాక్టరు అనుకోకండి, ఎందుకో చెప్తాను.

మీ ఆడబిడ్డ చెప్పిన జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళ్తే, ఇది ఉన్నవాళ్లలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది, పేగు లోపల నూగులా ఉండే పొర అరిగి చదునైపోతుంది, ఐరన్‌ను పీల్చుకునేది ముఖ్యంగా ఆ పేగు మొదటి భాగమే కాబట్టి మాత్రలు వేసుకున్నా ఒంటికి పట్టవు. ఐబీఎస్ ఎంత బాధపెట్టినా రక్తాన్ని మాత్రం తగ్గించదు. మీ ఉత్తరంలో నాకు అనుమానం తెప్పించింది ఆ 8.6. నెలసరి ఎక్కువగా అవుతోందా, మొలలున్నాయా అన్నదీ చూపించుకోండి.

2001లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ డాక్టర్లు ఐబీఎస్ అని తేలిన 300 మందిని పరీక్షిస్తే 14 మందికి సీలియాక్ బయటపడింది. మన దక్షిణాదిలో ఇది ఉత్తరాదికన్నా చాలా తక్కువ, అందుకే ఇక్కడి డాక్టర్లకు చప్పున తట్టదు, వాళ్లను తప్పుపట్టను. కానీ షుగరు భయంతో మన ఇళ్లలో రాత్రిపూట అన్నం పోయి చపాతీ వచ్చి ఎన్నాళ్లయింది!

టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు టోటల్ ఐజీఏ చేయించండి. రెండోది ఎందుకంటే, కొందరి ఒంట్లో ఐజీఏ అనే యాంటీబాడీయే తక్కువగా ఉండి మొదటిది ఉత్తినే నార్మల్ అని వస్తుంది. గోధుమ మానేసినా అంతే, జబ్బు ఉన్నా దొరకదు. కాబట్టి కనీసం ఆరు వారాలు రోజూ ఒకటికన్నా ఎక్కువ పూటల గోధుమ తిని, అప్పుడు రక్తం ఇవ్వండి. అది పాజిటివ్ వస్తే ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. మధ్యలో బాధ భరించలేనంతైతే ఆగకుండా గ్యాస్ట్రో డాక్టరును కలవండి.

మానేస్తే నయమనిపించిందిగా అంటారేమో. గోధుమలో ఫ్రక్టాన్లనే పిండిపదార్థం కూడా ఉంటుంది, అది మామూలు ఐబీఎస్ వాళ్లకూ గ్యాస్ చేస్తుంది. నయమైనంత మాత్రాన సీలియాక్ అని చెప్పలేం.

ఒకవేళ అదే అని తేలితే మాత్రం జీవితాంతం మానేయాల్సిందే, పండక్కి ఒక ముక్క అన్నా కుదరదు, మీ పిల్లలకూ తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి. మన వైపు తిండికి లోటేం లేదు: అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, ఎర్రకారం దోసె, చేపల పులుసు అన్నీ తినొచ్చు. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదాతో చేసే మలైకాజా వద్దు. ఎవరూ అనుమానించనిది ఇంగువ డబ్బా, చాలావాటిల్లో గోధుమపిండి కలుపుతారు, వెనక రాసింది చదివి కొనండి.